కెమెరా చేతికి అలవాటైతే కంటికి ఏమవుతుంది?

1941 శరత్కాలం. అమెరికాలోని న్యూ మెక్సికో. చామా లోయలో పగలంతా తిరిగినా మనసుకు నచ్చిన ఫొటో దొరకక, ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సాయంత్రం కారులో శాంటా ఫేకి తిరిగి వస్తున్నాడు. వెంట ఎనిమిదేళ్ల కొడుకు, ఒక స్నేహితుడు. హెర్నాండెజ్ అనే చిన్న పల్లె దగ్గరికి వచ్చేసరికి, దూరంగా మంచు కప్పిన కొండల పైన చంద్రుడు పొడిచి ఉన్నాడు. పడమట కుంకుతున్న పొద్దు వెలుతురు పల్లె శ్మశానంలోని తెల్ల శిలువల మీద ఇంకా పడుతోంది. ఆడమ్స్ కారును రోడ్డు వారకు దించేసి, అది తెండి ఇది తెండి అని వెంట ఉన్నవాళ్లను కేకలేస్తూ, ఎనిమిది పది అంగుళాల ఫిల్ము పట్టే పెద్ద కెమెరాను ట్రైపాడ్ మీద నిలబెట్టాడు. ఫ్రేము కుదిరింది, ఫోకస్ కుదిరింది. వెలుతురును కొలిచే మీటరు మాత్రం ఎక్కడా కనపడలేదు. వెతికే వ్యవధి లేదు, పొద్దు జారిపోతోంది.

అప్పుడాయనకు ఒక అంకె గుర్తొచ్చింది. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లు. అక్కడి నుంచి లెక్క ఎలా నడిచిందో చూడండి. తన జోన్ సిస్టం ప్రకారం చంద్రుణ్ని ఏడో జోన్‌లో, అంటే మధ్యరకం బూడిద రంగు కంటే రెండు మెట్లు తెల్లగా ఉంచాలి. రెండు మెట్లంటే నాలుగు రెట్లు. 250ని నాలుగుతో భాగిస్తే సుమారు 60, కాబట్టి షట్టర్ 1/60 సెకను. ఫిల్ము వేగం 64, దాని వర్గమూలం 8, కాబట్టి అపర్చర్ ఎఫ్/8. లెన్స్‌కి తగిలించిన ముదురు పసుపు ఫిల్టర్ వెలుతురును మూడో వంతుకు తగ్గిస్తుంది గనక 1/60 కాస్తా 1/20 అయింది. దగ్గరి పొదల నుంచి దూరపు కొండల దాకా అన్నీ స్పష్టంగా రావాలంటే అపర్చర్‌ను ఎఫ్/32 దాకా మూయాలి. అది నాలుగు స్టాపులు, పదహారు రెట్ల తేడా. ఇరవయ్యో వంతు సెకనును పదహారుతో హెచ్చిస్తే దాదాపు ఒక సెకను. షట్టర్ నొక్కాడు. ఎందుకైనా మంచిదని రెండో నెగటివ్ కోసం ఫిల్ము హోల్డర్‌ను తిప్పేలోగా శిలువల మీది వెలుతురు పోయింది. ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ అని లోకమంతా చెప్పుకునే ఆ చిత్రానికి ఉన్నది ఆ ఒక్క నెగటివే.

ఈ సంఘటనను చాలామంది ఆడమ్స్ జ్ఞాపకశక్తికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఇందులో కనిపించేది అలవాటు. అదే కెమెరా, అదే ఫిల్ము, అదే ఫిల్టర్, అదే సూత్రం ఏళ్ల తరబడి చేతిలో నలిగాయి కాబట్టే అంత హడావిడిలోనూ లెక్క దానంతటది సాగింది, ఆయన చూపు శిలువల మీది నుంచి చెదరలేదు. ఆ వేళ చేతిలో వారం కిందట కొన్న కెమెరా ఉండుంటే చూపు శిలువల మీద ఉండేది కాదు, కెమెరా మీద ఉండేది.

కొత్త కెమెరా బాడీ కొందామా, ఉన్నదానితోనే ఇంకొన్నాళ్లు నెట్టుకొద్దామా అన్న మీమాంస ఫొటోలు తీసే ప్రతివారికీ వస్తుంది. సాధారణంగా దాన్ని డబ్బు లెక్కగానో, మెగాపిక్సెళ్ల లెక్కగానో తేల్చేస్తాం. అసలు చూడవలసినది మెదడు లెక్క. చేతికి అలవాటైన పరికరం సృజనకు తోడ్పడుతుందా, లేక మనల్ని పాత దారిలోనే తిప్పుతుందా? ఈ ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రవేత్తల దగ్గర చాలా సరుకు ఉంది. వాళ్లు ప్రయోగాలు చేసింది గోల్ఫ్ ఆటగాళ్ల మీద, చదరంగం ఆటగాళ్ల మీద. అయినా చదువుతుంటే ఫొటోగ్రాఫర్ల గురించే రాసినట్టు ఉంటాయి.

ముందు మెదడుకున్న హద్దు సంగతి. ఒకే సమయంలో మనసులో నిలుపుకుని తిప్పుకోగలిగిన విషయాలు చాలా తక్కువ. వాటిని పట్టి ఉంచే చోటును వర్కింగ్ మెమరీ అంటారు. దానిలో పట్టేవి ఏడుకు కాస్త అటూ ఇటూ ఉంటాయని 1956లో జార్జ్ మిల్లర్ అన్నారు. అంత కూడా లేదు, సుమారు నాలుగే అని 2001లో నెల్సన్ కోవన్ తేల్చారు. ఇప్పుడు ఒక ఫొటోగ్రాఫర్ మనసులో ఏమేం తిరుగుతాయో లెక్కపెట్టండి. వెలుతురు ఎటు నుంచి వస్తోంది, వెనకాల ఏముంది, ఎదుటి మనిషి ముఖంలో ఏం మారుతోంది, మరుక్షణం ఏం జరగబోతోంది. నాలుగూ అయిపోయాయి. ఐఎస్ఓ బటన్ ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తే, ఈ నాలుగింటిలో ఒకటి బయటికి పోవలసిందే. ఎక్కువసార్లు పోయేది ఎదుటి మనిషి ముఖమే.

అలవాటు ఈ ఇరుకును ఎలా తీరుస్తుందో సియాన్ బైలాక్, థామస్ కార్ 2001లో ప్రచురించిన ప్రయోగం చక్కగా చూపిస్తుంది. గోల్ఫ్‌లో బంతిని మెల్లగా గుంటలోకి నెట్టడానికి పటర్ అనే కర్ర వాడతారు. ఆరితేరిన ఆటగాళ్ల చేత, ఆట రానివాళ్ల చేత కొన్ని పట్‌లు కొట్టించి, ఇప్పుడే కొట్టిన ఆ దెబ్బను ఎలా కొట్టారో వివరంగా చెప్పమన్నారు. ఆట రానివాళ్లు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. ఆరితేరినవాళ్లకు అంత గుర్తు లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసు అక్కడ లేదు, అందుకే జ్ఞాపకం మిగల్లేదు. తరవాత పరిశోధకులు కర్ర మార్చారు. ఎస్ అక్షరంలా వంకర తిరిగి, బరువు ఎక్కడ ఉందో అంతుపట్టని విచిత్రమైన పటర్ ఇచ్చారు. ఈసారి ఆరితేరినవాళ్లకు కూడా తాము కొట్టిన దెబ్బ వివరంగా గుర్తుంది. పరికరం మారేసరికి ధ్యాసంతా తిరిగి చేతుల్లోకి వచ్చేసింది. నైపుణ్యం ఎక్కడికీ పోలేదు. దాన్ని వాడుకునే తీరిక పోయింది.

మరుసటి ఏడాది అదే బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్లను కూడా పరీక్షించింది. అనుభవం ఉన్న ఆటగాళ్లు అలవాటైన కుడికాలితో బంతిని నడిపిస్తున్నప్పుడు, పాదం ఎటు తగులుతోందో గమనించమంటే తడబడ్డారు, ధ్యాస వేరే పని మీదికి మళ్లిస్తే బాగా ఆడారు. ఎడమకాలితో ఆడమంటే ఇది తిరగబడింది. అలవాటు లేని కాలికి మనసు తోడు కావాల్సి వచ్చింది.

ఇది మన పెళ్లిపందిట్లో ఎలా ఉంటుందో చూద్దాం. ముహూర్తం దగ్గర పడింది. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంది. బ్యాండు మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం తలల మీద పెట్టిన క్షణాన తెర దిగుతుంది, ఆ రెండు ముఖాలు ఎదురుపడతాయి. అదే సమయానికి వీడియో తీసేవాళ్లు పెద్ద లైటు వేస్తారు, అప్పటిదాకా కుదిరిన ఎక్స్‌పోజర్ అంతా తల్లకిందులవుతుంది. పెళ్లికూతురి మేనమామ అడ్డం వస్తాడు. చేయి తిరిగిన ఫొటోగ్రాఫర్ కళ్లు వ్యూఫైండర్ నుంచి తియ్యకుండానే బొటనవేలితో డయల్ రెండు గళ్లు తిప్పుతాడు, ఒక అడుగు ఎడమకు జరుగుతాడు, నొక్కుతాడు. ఏ బటన్ నొక్కావని తరవాత అడిగితే చెప్పలేడు. అతను గమనించింది పెళ్లికూతురి కనురెప్పలను.

ఇప్పుడు అదే మనిషి నిన్ననే కంపెనీ మారాడనుకోండి. నికాన్ లెన్స్ బాడీకి బిగించడానికి అపసవ్యంగా తిప్పాలి, కేనన్‌ది సవ్యంగా తిప్పాలి. రెండు కంపెనీల జూమ్ రింగులూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. పదేళ్లు ఒక వైపు తిప్పిన చెయ్యి, దగ్గరికి జూమ్ చేయబోయి దూరానికి చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి లేని ఇబ్బంది ఇది. పాత విద్యే కొత్త విద్యకు అడ్డుపడుతుంది. నెల రోజులు వాడితే ఇదంతా సర్దుకుంటుంది, అందులో సందేహం లేదు. కానీ ముహూర్తానికి రీటేక్ ఉండదు.

చేతి సంగతి ఇంతే. అలవాటు వల్ల కంటికి కూడా ఒక మేలు ఉంది, దాన్ని ఫొటోగ్రాఫర్లు కాని వాళ్లు అంతగా పట్టించుకోరు. 1932 ప్రాంతంలో లైకా కెమెరా చేతపట్టిన హెన్రీ కార్టియే బ్రెసన్ ఆ తరవాత జీవితమంతా దాదాపు 50 ఎంఎం లెన్స్‌తోనే గడిపారు. 50 ఎంఎం లెన్స్ అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర చూస్తుంది. ఏళ్ల తరబడి అదొక్కటే వాడినవాడికి ఆ 40 డిగ్రీలు కెమెరా ఎత్తకముందే వీధిలో కనిపిస్తాయి. ఎక్కడ నిలబడితే ఎవరు ఫ్రేములోకి వస్తారో, ఎవరు అంచుకు తెగుతారో తెలుస్తుంది. అందుకే ఆయన కెమెరా కంటి దగ్గర ఉండే సమయం అతి తక్కువ. జూమ్ లెన్స్ ఉన్నవాడు వీధిలోకి చూసి, కెమెరాలోకి చూసి, అప్పుడు నిర్ణయించుకుంటాడు. ఈలోగా ఆ మనిషి రోడ్డు దాటి వెళ్లిపోతాడు.

హద్దు ఉంటే ఊహ పెరుగుతుందనడానికి కూడా ఆధారాలున్నాయి. కేట్రినెల్ హాట్-ట్రాంప్ అనే పరిశోధకురాలు 2017లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని గ్రీటింగ్ కార్డుల కోసం రెండేసి పంక్తుల ప్రాస పద్యాలు రాయమన్నారు. ఫలానా మాట తప్పకుండా రావాలని షరతు పెట్టినప్పుడు రాసినవే, ఏ షరతూ లేనప్పుడు రాసిన వాటికంటే సృజనాత్మకంగా ఉన్నాయని తేలింది. సమస్యాపూరణం తెలిసిన తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఫొటోగ్రఫీలో ఎర్న్‌స్ట్ హాస్‌ను చూడండి. 1950లలో కలర్ ఫిల్ము వేగం చాలా తక్కువ, పరుగెత్తే మనిషిని తీస్తే బొమ్మ అలికినట్టు వచ్చేది. తక్కినవాళ్లు అది కలర్ ఫిల్ములో లోపమన్నారు. హాస్ 1956లో స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఎద్దుల పోరును ఆ అలుకుతోనే తీశాడు. ఎర్రటి బట్ట, నల్లటి ఎద్దు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయే ఆ చిత్రాలు కదలికను చూపడంలో కొత్త దారి తెరిచాయి.

ఇక్కడితో ఆపేస్తే పాత కెమెరాయే దైవం అనుకోవాల్సి వస్తుంది. అలా అనుకోనివ్వని ప్రయోగం ఒకటి 1942 నాటిది, అబ్రహం లూచిన్స్‌ది. కాగితం, పెన్సిల్ తీసుకుని మీరూ చేసి చూడండి. మూడు కూజాలు ఉన్నాయి, వాటిలో వరసగా 21, 127, 3 పాళ్ల నీళ్లు పడతాయి. సరిగ్గా 100 పాళ్లు కొలవాలి. పెద్ద కూజా నింపి, అందులోంచి 21 తీసి, 3 రెండుసార్లు తీస్తే 100 మిగులుతాయి. ఇలాంటివే మరికొన్ని లెక్కలు ఇదే పద్ధతిలో చేయించి, ఆ తరవాత 23, 49, 3 పట్టే కూజాలు ఇచ్చి 20 కొలవమన్నారు. ఎక్కువమంది మళ్లీ 49లోంచి 23 తీసి, 3 రెండుసార్లు తీశారు. 23లోంచి ఒకసారి 3 తీస్తే చాలు, 20 వచ్చేస్తుంది. ముందటి లెక్కలు చెయ్యని వాళ్లకు ఆ దగ్గర దారి వెంటనే కనిపించింది. నేర్చుకున్నవాళ్లకే కనిపించలేదు.

దీనికంటే నన్ను కలవరపెట్టింది 2008లో మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్లియాడ్, ఫెర్నాండ్ గోబే చదరంగం నిపుణుల మీద ప్రచురించిన అధ్యయనం. బోర్డు మీద రెండు దారులు ఉన్నాయి. ఒకటి అందరికీ తెలిసిన ఎత్తు, అయిదు ఎత్తుల్లో ఆట కడుతుంది. రెండోది అంతగా పరిచయం లేనిది, కానీ మూడు ఎత్తుల్లోనే ముగుస్తుంది. నిపుణులకు మొదటిది చటుక్కున తట్టింది. ఇంతకంటే మంచిది ఉందేమో వెతకమన్నారు. వెతుకుతున్నామనే వాళ్లు చెప్పారు, నిజాయితీగానే చెప్పారు. కానీ కళ్ల కదలికలను నమోదు చేసే యంత్రం వేరే సంగతి చెప్పింది. చూపు మళ్లీ మళ్లీ ఆ పాత ఎత్తుకు సంబంధించిన గళ్ల మీదికే పోతోంది.

ఫొటోగ్రాఫర్లు భయపడవలసినది దీనికి. కొత్త కోణం కోసం వెతుకుతున్నామని మనసారా నమ్ముతూ, పాత గళ్లనే చూస్తూ ఉండవచ్చు. ఎప్పుడూ 85 ఎంఎం లెన్స్‌తో, వెనకంతా మసకబారేలా పోర్ట్రెయిట్లు తీసేవాడు సంతకు వెళ్లినా ముఖాలనే చూస్తాడు. ఆ ముఖం వెనక ఉన్న సంత అతనికి మసకగానే కనిపిస్తుంది, కెమెరా ఎత్తకముందే. బ్రెసన్‌కు వరమైన ఆ 40 డిగ్రీలే ఇంకొకరికి గాటకట్టిన తాడు కావచ్చు.

అందుకే పరికరం మార్చి కొత్త జన్మ ఎత్తినవాళ్లూ ఉన్నారు. చెకోస్లొవేకియాలో 1960లలో రోమా జనం ఇరుకు ఇళ్లలో 25 ఎంఎం వైడ్ లెన్స్‌తో ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న యోసెఫ్ కౌదెల్కా, 1986లో ఫ్రాన్స్ ప్రభుత్వ ప్రాజెక్టు ఒకదాని కోసం పానోరమిక్ కెమెరా పట్టారు. ఎత్తు కంటే దాదాపు మూడు రెట్లు వెడల్పుండే ఆ ఫ్రేములో మనుషులు తగ్గిపోయారు, గనులు తవ్వేసిన నేలలు, గోడలు, శిథిలాలు వచ్చి చేరాయి. తరవాతి దశాబ్దాల్లో ఆయన ముఖ్యమైన పనంతా ఆ ఆకారంలోనే సాగింది. వాకర్ ఎవాన్స్ సంగతి మరీ ఆశ్చర్యం. భారీ కెమెరాలతో 1930ల అమెరికా పేదరికాన్ని నమోదు చేసిన ఆ పెద్దాయన, 70వ ఏట పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 చేతపట్టి 2,500కు పైగా ఫొటోలు తీశాడు. సైన్ బోర్డుల అక్షరాలు, రోడ్డు మీది గీతలు, స్నేహితుల ముఖాలు. 1975లో చనిపోయేముందు ఆయన చేసిన చివరి పెద్ద పని అదే.

అలవాటు తప్పడంలో ఉన్న లాభాన్ని లండన్ మెట్రో రైలు ప్రయాణికుల మీద కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. 2014 ఫిబ్రవరిలో సమ్మె జరిగి కొన్ని స్టేషన్లు మూతపడితే, జనం రెండు రోజులు వేరే దారుల్లో పోవలసి వచ్చింది. సమ్మె ముగిశాక అందరూ పాత దారికి రాలేదు. సుమారు 5 శాతం మంది కొత్త దారిలోనే ఉండిపోయారు. రోజూ పోయే దారి తమకు మంచిది కాదని వాళ్లకు అప్పుడే తెలిసింది.

అయితే కౌదెల్కా, ఎవాన్స్ ఏం మార్చారో జాగ్రత్తగా చూడాలి. వాళ్లు మార్చింది మోడల్ కాదు. కౌదెల్కా ఫ్రేము ఆకారం మార్చుకున్నాడు. గంటకో నెగటివ్ తీసే కెమెరా నుంచి, నొక్కగానే రంగుల బొమ్మ చేతికొచ్చే కెమెరాకు ఎవాన్స్ వచ్చాడు. ఆ మార్పు చూసే పద్ధతినే మార్చేసింది. మనం సాధారణంగా చేసే మార్పు ఇది కాదు. 24 మెగాపిక్సెళ్ల బాడీ అమ్మి 45 మెగాపిక్సెళ్లది కొంటాం, అదే జూమ్ బిగిస్తాం, అదే చెరువు గట్టుకు వెళ్తాం. బటన్లు మారతాయి కాబట్టి చేతికి ఉన్న అలవాటు పోతుంది. ఫ్రేము మారదు కాబట్టి కంటికి పట్టిన అలవాటు అలాగే ఉంటుంది. ఉండవలసింది పోయి, పోవలసింది మిగలడం అంటే ఇదే. కొత్త కెమెరా పెట్టెలోంచి తీసినప్పుడు పుట్టే హుషారు నిజమైనదే, నాలుగు రోజులు మనల్ని ఇంట్లోంచి బయటికి లాగుతుంది కూడా. కానీ దాని ఆయుష్షు ఈఎంఐ కంటే చాలా తక్కువ.

పరికరం మార్చకుండా చూపు మార్చుకోవడం సాధ్యమా అంటే, ఆడమ్స్ చీకటి గదిలో చేసిన పనే అందుకు రుజువు. హెర్నాండెజ్ నెగటివ్ నుంచి ఆయన వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం లేత బూడిద రంగులో ఉండి, మబ్బు చారలు కనిపిస్తాయి. చివరి దశాబ్దాల్లో తీసిన వాటిలో ఆకాశం దాదాపు నల్లగా మారింది, చంద్రుడు, శిలువలు తప్ప తక్కినదంతా వెనక్కి తగ్గింది. నెగటివ్ అదే. చూసే మనిషి ముప్పయ్యేళ్లు ముందుకు నడిచాడు.

కాబట్టి నా తీర్పు ఇది. పని మీద ఉన్నప్పుడు చేతికి అలవాటైన కెమెరాకు సాటి లేదు. పెళ్లి, ఆట, వార్త, వీధి, అడవి జంతువు, ఏదైనా సరే మళ్లీ జరగని దాన్ని తీసేవాళ్లు ఊరికే గేర్ మార్చకూడదు. అభ్యాసం చేసేటప్పుడు మాత్రం కంటికి కావాలనే ఇబ్బంది పెట్టాలి. దానికి కొత్త బాడీ అక్కర్లేదు. జూమ్‌ను ఒకే అంకె దగ్గర ఉంచి రోజంతా తిరగవచ్చు, చతురస్రం ఫ్రేములో తియ్యవచ్చు, స్క్రీన్‌ను నలుపు తెలుపుకు మార్చవచ్చు, ముఖాలే తీసేవాళ్లు ఒక పూటంతా మనుషులు లేని ఫొటోలే తియ్యవచ్చు. బటన్లు ఎక్కడివక్కడే ఉంటాయి, కూజాల లెక్క మాత్రం మారిపోతుంది.

చివరగా ఒక పని చెయ్యండి. మీరు తీసిన ప్రతి డిజిటల్ ఫొటోలోనూ ఏ లెన్స్, ఎన్ని ఎంఎం, ఎంత అపర్చర్ అన్న వివరాలు నమోదై ఉంటాయి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్ మీ ఏడాది ఫొటోలన్నిటినీ ఆ లెక్కన విడదీసి చూపిస్తుంది. దసరా, దీపావళి ఆఫర్లు చూసే ముందు ఆ పట్టిక తెరవండి. ఎక్కువ ఫొటోలు ఒకే అంకె దగ్గర కుప్పపడి ఉంటే, ఆ అంకెను ఒక నెల రోజుల పాటు ముట్టుకోకుండా అదే కెమెరాతో ఫొటోలు తియ్యండి. అప్పటికీ మీకు కావలసిన ఫొటో దానితో రాదని తేలితే, ఏ ఫొటో రాలేదో ఒక కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి.